తలుపు మూసిన గదిలో కుంపటి: ఉత్తర తెలంగాణ జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల కలెక్టర్లకు. వైద్యారోగ్య, అగ్నిమాపక, గృహనిర్మాణ, గిరిజన సంక్షేమ, కార్మిక శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను నర్సంపేట ప్రాంతంలో ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గత జనవరిలో ఒక సోమవారం కలెక్టరేట్‌లో వినతుల కార్యక్రమానికి వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. మూసిన గదుల్లో నిప్పుల కుంపట్లు పెట్టుకుని పడుకోవడం వల్ల, కట్టెల పొయ్యిల దగ్గర అజాగ్రత్త వల్ల చలికాలంలో ప్రాణాలు పోతున్నాయని, ఊరూరా ప్రచారం చేయించాలని అందులో కోరాను. రసీదు ఇచ్చారు. ఆ తర్వాత అది వైద్యం వాళ్ల పని అని ఒకరు, అగ్నిమాపకం వాళ్లదని మరొకరు, పంచాయతీ చూసుకోవాలని ఇంకొకరు కాగితాన్ని బల్ల నుంచి బల్లకు తిప్పారు. ఎండలు ముదిరాక నా ఫోనుకు ‘మీ వినతి పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారని వెళ్లి అడిగితే, ‘చలి పోయింది కదమ్మా’ అన్నారు.

చలి మళ్లీ వచ్చింది. ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

వేసవిలో మీరు చేసే పని మెచ్చుకోదగ్గదే. మార్చి రాగానే వడదెబ్బ మీద గోడపత్రికలు వెలుస్తాయి. ఆశా కార్యకర్తల సంచుల్లోకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేరతాయి. బస్టాండ్లలో చలివేంద్రాలు పెడతారు. 2025లో ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ఇస్తామని కూడా చెప్పింది. మరి చలికాలానికి ఏముంది? తిర్యాణి, సిర్పూర్ (యు) వైపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు పడిపోయిందని పత్రికలో వార్త వస్తుంది. పక్కనే చలిమంట చుట్టూ ముసుగులు కప్పుకుని కూర్చున్న ముసలివాళ్ల ఫొటో ఉంటుంది. ఆ మంటలోని నిప్పులు రాత్రి ఏ గదిలోకి వెళ్తాయో పత్రికలు రాయవు, మీ శాఖలు అడగవు.

ఈ మాట ఎత్తితే పల్లెలోనూ, ఆఫీసులోనూ ఒకటే జవాబు: ‘కుంపటి తాతల నాటి నుంచి ఉన్నదే. అప్పుడు రాని చావు ఇప్పుడెందుకు వస్తుంది?’ న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇంటి కప్పులో ఉంది. గూన పెంకుల ఇంట్లో పెంకుకూ పెంకుకూ మధ్య సందులుండేవి. గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ ఉండేది. చెక్క తలుపు ఎంత వేసినా పూర్తిగా పడేది కాదు. నిప్పుల నుంచి వచ్చేది ఏదైనా ఆ సందుల్లోంచి తనంతట తానే పోయేది. ఇప్పుడు పైన స్లాబు, కిటికీకి అల్యూమినియం చట్రంలో జరిగే అద్దాలు. ఉన్న ఒక్క వెంటిలేటర్‌కూ దోమలు రాకుండా అట్టముక్కో, ఎన్నికలప్పటి పాత ఫ్లెక్సీనో అడ్డం పెడతారు. కుంపటి అదే, బొగ్గు అదే, గాలి పోయే దారి మూసుకుపోయింది. ఈ స్లాబు ఇళ్లలో ఎన్నింటికో డబ్బు ఇచ్చింది, కొలతలు చెప్పింది, పునాది నుంచి పైకప్పు దాకా ఫొటోలు తీసి బిల్లులు మంజూరు చేసింది ప్రభుత్వమే. కాబట్టి ‘అది జనం అలవాటు, మేమేం చేస్తాం’ అనే వీలు మీకు లేదు.

విషయాలు వరుసగా చెబుతాను.

1. పొగ రాని నిప్పే ఎక్కువ ప్రమాదం. భగభగ మండే కట్టెకు గాలి అందుతుంది. కుంపట్లో కణకణలాడే బొగ్గు మాత్రం మంట లేకుండా అరకొరగా కాలుతుంది, అలా కాలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వికారం, మత్తు. మెలకువగా ఉన్నవాళ్లకైనా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లు లేవరు.

మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని వైపు బొగ్గుల సిగిడిని (ఇనుప కుంపటిని) రాజేసి, పొగ పోయేదాకా వాకిట్లో ఉంచి, ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకుంటారు. అది జాగ్రత్త అనే అనుకుంటారు. దానివల్ల కళ్ల మంట తగ్గుతుంది గాని విషం తగ్గదు, పైగా హెచ్చరించే పొగ కూడా లేకుండా పోతుంది. చలి దేశాల్లో గోడకు కట్టే పొయ్యికి ఇంటి కప్పు దాటి పైకి పోయే గొట్టం ఉంటుంది. మసి పేరుకుంటే ఆ గొట్టంలోనే మంట అంటుకుంటుందని ఏటా దులిపిస్తారు. ఇంట్లో ఈ వాయువును పసిగట్టి మోగే అలారం పెట్టుకుంటారు. గొట్టం ఉన్నవాళ్లే అంత భయపడుతుంటే, గొట్టమే లేని కుంపటిని మనం మంచం కిందికి తోస్తున్నాం.

2. బాలింత గది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పచ్చి బాలింతకు గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూస్తారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి. బిడ్డకు నీళ్లు పోశాక అదే కుంపట్లో సాంబ్రాణి వేసి పొగ పడతారు. పెంకుటింట్లో ఇదంతా చెల్లిపోయింది.

మా మండలంలో ఒక కొత్త స్లాబు ఇంటికి పురిటి పరామర్శకు వెళ్లాను. తలుపు కింద సందులో పాత చీర కుక్కి ఉంది. గదిలో పొగ లేదు, వాసన కూడా లేదు. బాలింత తల పట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందని చెప్పింది. బిడ్డ పాలు తాగడం మాని మగతగా పడి ఉంది. అమ్మమ్మకు అప్పటికే వాంతి అయింది. దిష్టి తగిలిందేమోనని ఆమె ఉప్పు, మిరపకాయలు తిప్పి వాటిని కూడా ఆ కుంపట్లోనే వేయబోతోంది. తలుపులు బార్లా తెరిపించి, తల్లినీ బిడ్డనూ వాకిట్లోకి తెచ్చి, 108కి ఫోను చేయించాను. రక్తంలో ప్రాణవాయువు శాతం చూపే ఆక్సిమీటర్‌ను తల్లి వేలికి పెడితే 98 చూపించింది, అంటే అంతా బాగున్నట్టే. తీసుకెళ్లిన ఆస్పత్రిలో కూడా ఆ అంకె చూసే ‘నీరసం, రక్తం తక్కువ’ అని చీటీ రాసి పంపించారు. వాకిట్లో గాలి తగలబట్టి సరిపోయింది. నేను అక్కడ లేకపోతే అదే చీటీతో అదే గదికి, అదే కుంపటి దగ్గరికి తిరిగి వెళ్లేవారు.

ఆ అమ్మమ్మ తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. కాన్పు అయి ఇంటికి పంపేటప్పుడు టీకాల కార్డు ఇస్తారు, కుట్ల గురించి, పాలివ్వడం గురించి చెబుతారు. కుంపటి గురించి ఒక్క మాట ఉండదు. పసిబిడ్డ పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి విషం కూడా త్వరగా ఎక్కుతుంది. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి ఎదకు ఆనించి పైన దుప్పటి కప్పడం, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, తడి గుడ్డ వెంటనే మార్చడం చాలు. అందరూ బయట ఉన్నప్పుడు నిప్పులతో గది వెచ్చచేసి, కుంపటి తీసేసి, కాసేపు తలుపులు తెరిచి, ఆ తర్వాత లోపలికి వెళ్లినా కొంత నయం. ‘కుంపటి వద్దు’ అని ఊరుకుంటే ఏ అమ్మమ్మా వినదు. దాని బదులు ఏం చేయాలో చెప్పాలి.

3. ఆ ఆక్సిమీటర్ సంగతి. కరోనా తర్వాత ఈ చిన్న పరికరం పల్లె దవాఖానాల్లోకీ, ఇళ్లలోకీ వచ్చింది. మంచిదే. కానీ ప్రాణవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ దానికి తేడా తెలియదు. విషం ఎక్కిన మనిషికీ 98, 99 చూపిస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక రోగిని వెనక్కి పంపడం ఎంత సులువో పైన చెప్పాను. చలికాలం ఉదయం ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు అంటే, ‘రాత్రి గదిలో నిప్పు పెట్టారా?’ అనేది మొదటి ప్రశ్న కావాలి. అవునంటే మీటరులో అంకె చూడకుండా మాస్కు పెట్టి పూర్తి ప్రాణవాయువు ఇవ్వాలి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నర. దీనికి పెద్దాస్పత్రే అక్కర్లేదు, సిలిండరు ఉన్న ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా మొదలుపెట్టవచ్చు.

4. పత్తి ఉన్న ఇల్లు. ఇది హైదరాబాదు నుంచి వచ్చే అధికారులకు వెంటనే తట్టకపోవచ్చు. పత్తిలో తేమ 8 శాతం మించకపోతేనే కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాటితే కొనదు. మంచు కురిసే రోజుల్లో తేమ ఎలా దిగుతుంది? దానికి తోడు ఇప్పుడు పత్తి అమ్ముకోవడానికి ఫోనులో స్లాటు (ఫలానా రోజు తెమ్మనే అనుమతి) దొరకాలి. దొరికేదాకా పత్తి ఇంట్లోనే ఉంటుంది. మా వైపు ముందు గదిలో కప్పు దాకా పోసి, పిల్లలను దాని మీదే పడుకోబెడతారు, మెత్తగా, వెచ్చగా ఉంటుందని. అదే ఇంటి వాకిట్లో పొయ్యి, పొయ్యిలో నిరుటి పత్తి కట్టె. ఆ కట్టె చిటపటలాడుతూ ఎంత దూరం రవ్వలు విసురుతుందో కాల్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పత్తికి నిప్పంటితే పైన నీళ్లు పోసి ఆర్పినా లోపల రాజుతూనే ఉంటుంది, ఎప్పుడో అర్ధరాత్రి మళ్లీ లేస్తుంది. ఏడాది పంట, ఇల్లు ఒకేసారి పోతాయి. జిన్నింగు మిల్లులకూ, మార్కెట్ యార్డులకూ అగ్నిమాపక నిబంధనలున్నాయి. మిల్లుకు చేరేలోపు అదే పత్తి నెలల తరబడి ఉండే ఇంటికి ఒక్క సూచన కూడా లేదు.

బూడిద గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరినట్టు కనిపించే బూడిదలో మర్నాటి దాకా నిప్పు ఉంటుంది. దాన్ని తెచ్చి గడ్డివాము పక్కన, పేడకుప్ప మీద పోస్తారు. మూత ఉన్న ఇనుప బకెట్టో, నీళ్లు చల్లి గుంటలో పోయడమో, రెండింటిలో ఏదో ఒకటి చేస్తే చాలు.

5. స్నానాల గది. గొట్టం ఉన్న నీళ్ల బాయిలర్‌ను వానకో చలికో లోపలికి తెచ్చి బొగ్గు వేస్తున్నారు. హనుమకొండ, కరీంనగర్ అపార్ట్‌మెంట్లలో గ్యాస్ గీజర్లు అంతకంటే చిన్న గదుల్లో, కిటికీ లేకుండా బిగిస్తున్నారు. రెండింటిలోనూ పుట్టేది అదే విషం. గీజరును స్నానాల గదికి బయట బిగించాలి, లేదా దాని పొగ గొట్టం ద్వారా బయటికి పోవాలి.

6. గుడిసెలు, వసతి గృహాలు. పెద్దపల్లి, కరీంనగర్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు చలి మొదలయ్యే వేళకు వస్తాయి. వంగితే గాని లోపలికి పోలేని గుడిసెలు, గాలి రాకుండా చుట్టూ పాలిథిన్ పట్టా. ములుగు, భూపాలపల్లి మిరప తోటలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లదీ అదే పరిస్థితి. వాళ్లకు తెలుగులో కరపత్రం పంచి ఫొటో దిగితే ప్రయోజనం లేదు.

ఇక ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలు. తెల్లవారుజామున వేడినీళ్లు లేనిచోట పిల్లలే చెత్త, ప్లాస్టిక్, పాత టైరు ముక్కలు పోగేసి మంట పెట్టుకుంటారు. ఆడపిల్లల చున్నీ అంచు మంటలో పడడానికి క్షణం చాలు. గుడ్డకు నిప్పంటితే పరుగెత్తకూడదని, కిందపడి దొర్లాలని, కాలినచోట ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయాలని, టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకూడదని ఆ పిల్లలకు ఎప్పుడైనా చేసి చూపించారా? వాళ్లకు వేడినీళ్లు ఇవ్వడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, అది వేరే చెప్పాలా.

7. రోజువారీ పొగ. ఇంట్లో పొయ్యి పొగ వల్ల ప్రపంచంలో ఏటా 32 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి లెక్కగట్టింది. అందులో రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా అయిదేళ్లలోపు పిల్లలే. గ్యాసు వచ్చాక కట్టెలెందుకని అడుగుతారు. వంటకు గ్యాసు, నీళ్లకు కట్టెలు, ఇదే మా పల్లెల లెక్క. ఐదుగురికి రోజూ స్నానానికి నీళ్లు కాస్తే సిలిండరు ఎన్నాళ్లు వస్తుంది? 500 రూపాయల సిలిండరు పథకంలో ఏడాదికి ఎన్ని ఇవ్వాలో గత మూడేళ్ల వాడకం సగటు చూసి నిర్ణయించారు. కట్టెల మీద బతికిన ఇంటి సగటు తక్కువే ఉంటుంది. గ్యాసు ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ వచ్చింది. పైగా ముందు పూర్తి ధర కట్టాలి, తర్వాత సాయం ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు చేతిలో లేని రోజున కట్టెల మోపే గతి.

8. లెక్కలో లేని చావులు. నిద్రలో పోయిన ముసలాయనకు గుండెపోటు అంటారు. నిండు వయసు మనిషి అయితే అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు. మూలన కుంపటి ఉన్నా పంచనామాలోకి ఎక్కదు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష అడగకపోతే కారణం బయటపడదు. కారణం రాయకపోతే లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి సమస్యే లేదన్నట్టు నా దరఖాస్తును ముగించారు.

మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి. డిసెంబరు మొదటి వారంలోగా ప్రతి గ్రామంలో, ప్రతి గూడెంలో, ప్రతి తండాలో దండోరా వేయించండి. పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. ఈ మాత్రం చాలు: ‘పడుకునే గదిలో కుంపటి పెట్టవద్దు. పొగ రాకున్నా, వాసన రాకున్నా ప్రాణం పోతుంది. బయట కాచుకోండి, పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పండి. పొద్దున ఇంట్లో అందరికీ తలనొప్పి, వాంతులు ఉంటే తలుపులు తీసి బయటికి వచ్చి 108కి ఫోను చేయండి.’ గోండి, కొలామీ, కోయ, లంబాడీ భాషల్లో, బట్టీల దగ్గర ఒడియాలో, ఆ భాష మాట్లాడేవాళ్ల చేతనే చెప్పించండి. కేస్లాపూర్ నాగోబా జాతర, మేడారం జాతర చలికాలంలోనే వస్తాయి. డేరాల్లో, బండ్ల కింద పడుకునేవాళ్లకు అక్కడి మైకుల్లోనూ ఈ మాట వినిపించాలి. తప్పిపోయిన పిల్లల ప్రకటనల మధ్య ఒక నిమిషం దొరకకపోదు.

రెండు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాన్పు అయిన ప్రతి తల్లికీ, ముఖ్యంగా ఆమెతో వచ్చిన తల్లికీ, అత్తకూ, ఇంటికి పంపేముందు బాలింత గది గురించి చెప్పాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్లినప్పుడు నింపే పత్రంలో ‘గదిలో కుంపటి ఉందా, కిటికీ తెరుచుకుంటుందా’ అని ఒక గడి చేర్చండి. వాళ్ల నెత్తిన ఇప్పటికే చాలా పత్రాలున్నాయని నాకు తెలుసు. పనికిరాని గడి ఒకటి తీసేసి ఇది పెట్టండి. అలాంటివి ఏవో అడిగితే నేనే చూపిస్తాను.

మూడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, నర్సులకు, 108 సిబ్బందికి ఆక్సిమీటర్ విషయం రాతపూర్వకంగా పంపండి. వరంగల్, ఆదిలాబాద్ పెద్దాస్పత్రుల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ కొలిచే పరీక్ష రాత్రి వేళ కూడా జరిగేలా చూడండి.

నాలుగు. ఇందిరమ్మ ఇళ్ల కింద 5 లక్షలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు ఉండాలంటున్నారు, వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి అంటున్నారు. వాటితో పాటు పడకగదిలో కప్పుకు దగ్గరగా మూయడానికి వీల్లేని జాలీ, నీళ్లు కాచుకునే పొయ్యికి గోడ బయట చిన్న పందిరి, పొగగొట్టం కూడా తప్పనిసరి చేయండి. నాలుగు ఇటుకలు తక్కువ పెడితే జాలీ వస్తుంది. ఇంజినీరు ఫొటో తీసేటప్పుడు అది ఉందో లేదో చూస్తే సరిపోతుంది. ఇప్పటికే కట్టిన ఇళ్లలో వెంటిలేటర్‌కు దోమల వల బిగించుకోవడానికి పంచాయతీ ద్వారా సాయం చేయండి, అట్టముక్కలు వాటంతట అవే పోతాయి.

ఐదు. పత్తి కొనుగోళ్లు మొదలయ్యే ముందు అగ్నిమాపక సిబ్బంది గ్రామాలకు వెళ్లి, పత్తి నిల్వ ఉన్న ఇంట్లో పొయ్యి ఎక్కడ ఉండాలో, రాజుకున్న పత్తిని ఎలా విడదీసి ఆర్పాలో చూపించాలి. తేమ పేరుతో వెనక్కి పంపిన రైతుకు కొనుగోలు కేంద్రం దగ్గరే ఆరబెట్టుకునే కళ్లం, కప్పు ఉన్న షెడ్డు ఇవ్వాలి. పిల్లలు పత్తి మీద పడుకోవడం సగం దాంతోనే ఆగుతుంది.

ఆరు. ఇటుక బట్టీల యజమానులు కూలీల గుడిసెలకు గాలి వచ్చే ఏర్పాటు చేశారో లేదో, దుప్పట్లు ఇచ్చారో లేదో కార్మిక శాఖ జనవరిలోపు చూసి, చూసినది బయట పెట్టాలి. ఆశ్రమ పాఠశాలల్లో వేడినీళ్లు ఎక్కడ వస్తున్నాయి, ఎక్కడ రావడం లేదు అన్న జాబితా కూడా అలాగే.

ఏడు. గదిలో కుంపటి, పొయ్యి, గీజరు ఉన్నచోట జరిగిన ప్రతి అనుమానాస్పద మరణంలో ఆ విషయం పంచనామాలో రాయాలని, కార్బన్ మోనాక్సైడ్ పరీక్షకు రక్తం పంపాలని పోలీసు, వైద్య శాఖలకు ఉమ్మడి ఆదేశం ఇవ్వండి. మార్చి ముగిసేసరికి జిల్లాలవారీగా లెక్క ప్రకటించండి. వడదెబ్బ మృతుల కుటుంబానికి ఇచ్చే సాయాన్ని ఈ మృతుల కుటుంబాలకూ వర్తింపజేయాలని ప్రభుత్వానికి మీరే సిఫారసు చేయండి. ఇంటి పెద్ద ఎండకు పోయినా నిప్పుకు పోయినా ఆ ఇంట్లో పిల్లల చదువు ఆగేది ఒకేలా.

ఎనిమిది. ఈ పనికి జిల్లాకు ఒక అధికారిని బాధ్యుడిగా పెట్టి, ఆయన హోదా, ఆఫీసు ఫోను నంబరు ప్రకటించండి. నా కాగితం మూడు శాఖల మధ్య తిరిగింది అలాంటి ఒక్కరు లేకనే. ఈ లేఖ ప్రతిని అన్ని కలెక్టరేట్లకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. డిసెంబరు మొదటి వారంలోగా దండోరా మొదలుకాకపోతే మా మండలంలోని విశ్రాంత ఆరోగ్య సిబ్బంది, మహిళా సంఘాల సభ్యులు కలిసి ప్రతి సోమవారం మీ వినతుల కార్యక్రమానికి ఇదే దరఖాస్తుతో వస్తాం, చలి ఉన్నా పోయినా.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా